అత్తా మామల కాఫీ

పెండ్లయి అత్తగారింటికి పోయేదాకా నేను కాఫీ తాగి ఎరగను. మాది పళ్ళిపట్టు పక్కన ఒక పల్లె. పొద్దున్నే రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి, ఎర్రగడ్డ నంజుకుని తాగేవాళ్ళం. కాఫీ అంటే ఆస్పత్రిలో పడుకున్నవాళ్ళకు ఫ్లాస్కులో తీసుకుపోయే మందు లాంటిదేదో అనుకునేదాన్ని.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు తిరుత్తణికి కోడలిగా వచ్చినాను. నాకు పదిహేడేళ్ళు. ఎనిమిదో తరగతి దాకా చదివిన పిల్లనని మా నాయన నలుగురిలో చెప్పుకునేవాడు. అత్తగారిల్లు గుడి కొండమెట్లకు రెండు వీధులివతల. ఇంట్లో అత్త, మామ, మేమిద్దరం. మా ఆయనకు తిరువళ్ళూరులో గుమాస్తా ఉద్యోగం. సోమవారం తెల్లవారుజామున పోతే మళ్ళీ శనివారం సాయంత్రమే రావడం. కాబట్టి వారంలో ఆరు రోజులు ఆ ఇంట్లో నాకు తోడు అత్తా మామలే.

కాఫీ ఆ ఇంటికి అత్తతో వచ్చింది. ఆమె పుట్టిల్లు తిరువళ్ళూరు. వాళ్ళ నాయన రైల్వేలో పనిచేసినాడట. మామది చెరుకూ వేరుశనగా పండించే కుటుంబం, కాఫీ అంటే ఏందో తెలియదు. పెండ్లయిన మూడోనాడు అత్త తలనొప్పితో మంచం దిగలేదంట. ఏమని అడిగితే, "కాపీ లేదు కదా" అని చెప్పిందంట. ఆ వారమే మామ అరక్కోణం పోయి, గింజలు వేయించే అంగడి ముందర ఒక పూటంతా నిలబడి చూసి, ఆ పని నేర్చుకుని వచ్చినాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో కాఫీ గింజలు వేయించేది మామే. ఆదివారం పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద ఇనప మూకుడు పెట్టి, తువ్వాలు తలకు చుట్టుకుని, గింజలు నల్లబడి నూనె కక్కేదాకా తిప్పతా కూచునేవాడు. మరలో పొడి చేసేది అత్త.

నేను వచ్చిన మరుసటి పొద్దున అత్త నా చేతిలో ఇత్తడి గ్లాసు పెట్టింది. ఒక గుక్క తాగి ముఖం చిట్లించినాను.

"చేదుగా ఉండాదా పాపా?"

"కొంచెం, అత్తా."

"ఇంకో చెంచా వేసుకో. అలవాటయితే నువ్వే వదలవు."

ఆమె తన గ్లాసులోకి మూడు చెంచాల చక్కెర వేసుకునేది. మామకు రెండు. ఇద్దరూ వెనక వాకిట మెట్టు మీద కూచుని తాగేవాళ్ళు. మామ మాటలు తక్కువ మనిషి. పగలంతా ఆయన నోట పది మాటలు వింటే గొప్ప. కానీ ఆ మెట్టు మీద గ్లాసు చేతిలో ఉన్నంతసేపూ ఇద్దరూ ఏదో ఒకటి చెప్పుకుంటానే ఉండేవాళ్ళు. యాడ కాలవ తెగింది, యావూరి సంబంధం కుదిరింది, తిరుత్తణి ఆంధ్రాలోనే ఉంటుందా మద్రాసుకు పోతుందా, అన్నీ అక్కడే. నేను వంటింట్లో పొయ్యి ముందర కూచుని వినేదాన్ని. మగడూ పెండ్లామూ కూచుని మాట్లాడుకోవడం అనేదాన్ని నేను మొదట విన్నది వాళ్ళ దగ్గరే.

నాలుగేళ్ళు అట్లా జరిగింది.

తర్వాత అత్త సన్నబడడం మొదలయింది. రవికలు భుజాల మీద జారిపోతా ఉంటే ఒక్కొక్కటీ విప్పి నేనే బిగువు చేసి కుట్టినాను. చెంబు చెంబు నీళ్ళు తాగేది. కూరకు ఉప్పు ఎక్కువైంది, అందుకే దాహమని నా మీద వేసేది. పెరట్లో ఆమె పోయి వచ్చిన చోట చీమలు పట్టడం నేను చూసినాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు. చీమలు యాడ పట్టవు?

అదే ఏడు ఎడమకాలి వేలు మెట్టె కింద ఒరుసుకుని పుండయింది. చిన్నదే, కందిగింజంత. పసుపు పెట్టినాము. వేపనూనె రాసినాము. నెలయినా మానలేదు, పైగా చీము పట్టింది. శనివారం ఇంటికొచ్చిన మా ఆయన ఆ కాలు చూసి, సోమవారం తనతో పాటు అత్తనూ నన్నూ బస్సెక్కించి తిరువళ్ళూరు తీసుకపోయినాడు.

డాక్టరు నడివయసు మనిషి. తమిళంలోనే మాట్లాడినా తెలుగు బాగా అర్థమయ్యేది ఆయనకు. పుండు చూసి, లోపల గదిలో ఏదో పరీక్ష చేసి వచ్చి కూచున్నాడు.

"రోజుకు ఎన్నిసార్లు కాపీ తాగుతారమ్మా?"

"రెండే అయ్యా," అనింది అత్త.

నేను ఆమె ముఖం చూసినాను. అయిదుసార్లు. నా చేత్తో కలిపి ఇచ్చేదాన్ని, నాకు తెలియదా?

డాక్టరు నన్ను చూసి నవ్వీ నవ్వనట్టు తల ఊపినాడు. ఆమెకు నీరిళివు ఉందని, అంటే చక్కెర జబ్బని, ఒంట్లో చక్కెర ఎక్కువగా ఉంటే పుండు మానదని చెప్పినాడు. పుండు మానేదాకా రోజూ సూది వేయాల. అన్నం పిడికెడు. రాగులు, కూరగాయలు తినొచ్చు. చక్కెర, బెల్లం ముట్టకూడదు.

"కాపీ?" అని అడిగింది అత్త. జబ్బు గురించి ఆమె అడిగిన మొదటి మాట అదే.

"తాగండి. చక్కెర లేకుండా."

"అది కషాయం కదా, అయ్యా."

"కషాయమే అనుకోండి," అన్నాడాయన.

తర్వాత నన్ను లోపలికి పిలిచి పరీక్ష ఎట్లా చేయాలో చూపించినాడు. గాజు గొట్టంలో చెంచాడు నీలం మందు పోసి, దాంట్లో ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచాల. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ అయితే కొంచెం ఉంది. పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు. ఒక్కో రంగూ ఒక్కో మెట్టు పైకి. "చదువుకున్న కోడలు ఉంది, ఇంకేం భయం?" అన్నాడు. నాకు ఆ మాటకు ఎంత గర్వమయిందో!

ఇంకొక్క మాట కూడా చెప్పినాడు. ఆ వేలికి మెట్టె తీసెయ్యాలని.

ఇంటికొచ్చినాక అత్త దానికి ఒప్పుకోలేదు. "మగడు బతికుండగా మెట్టె తీసే ఆడది యాడన్నా ఉందా?" అని కాలు చీర కుచ్చిళ్ళలోకి ముడుచుకుంది. ఆ పూట సెలవు పెట్టి మమ్మల్ని దిగబెట్టను వచ్చిన మా ఆయన చెప్పినాడు, నేను చెప్పినాను. వినలేదు. సాయంత్రం మామ చేనికాడ నుంచి వచ్చినాడు. సంగతి విని, కాళ్ళు కడుక్కుని, గిన్నెలో గోరువెచ్చని నీళ్ళూ సబ్బు ముక్కా తీసుకుని వచ్చి ఆమె ముందర నేల మీద కూచున్నాడు. కోడలు చూస్తా ఉందని అత్తకు సిగ్గు.

"లేయయ్యా, ఏంది ఇది. నా కాలు నువ్వు పట్టుకునేది."

"పెట్టినప్పుడు పట్టుకోలేదా?" అన్నాడు మామ.

వాచిన వేలు మీద నుంచి మెట్టె రావడానికి చాలాసేపు పట్టింది. ఆమె పండ్లు బిగించి పైకప్పు చూస్తా కూచుంది. ఆయన సబ్బు నురగ రాస్తా, కొంచెం కొంచెంగా తిప్పతా తీసినాడు. కడిగి తుడిచి, అదే కాలికి పక్క వేలుకు తొడిగినాడు. "ఇప్పుడేమీ పోలేదు కదా," అని లేచి గిన్నె పారబోసేదానికి పోయినాడు.

మరుసటి రోజు నుంచి కాంపౌండరు వచ్చి సూది వేసిపోయేవాడు. సూదిమందు సీసా చల్లగా ఉండేదానికి తడిగుడ్డ చుట్టి ఇసక కుండలో పెట్టేదాన్ని. అత్త పొద్దున్నే పరీక్షకు ఒక చిన్న సీసా నింపి పెరట్లో బట్టలుతికే రాయి మీద పెట్టేది. నేను తెచ్చి కాచి, రంగు చూసి, ఒక కాగితం మీద రాసుకునేదాన్ని. మొదట ఇటుక రంగు. తర్వాత నారింజ. పది రోజులకు పసుపు.

కానీ కాఫీ పూర్తిగా ఆగిపోయింది. చక్కెర లేని కాఫీని అత్త ఒక్కసారి నోట్లో పోసుకుని పెరట్లో ఊసేసింది. అంతే, మళ్ళీ గ్లాసు ముట్టలేదు. ఆమె తాగదు కాబట్టి మామా మానేసినాడు. ఆదివారం మూకుడు పొయ్యి ఎక్కలేదు. ఇంట్లో ఆ వాసన లేకపోతే పొద్దు పొడిచినట్టే ఉండేది కాదు నాకు. అంతకంటే కష్టం ఏందంటే, వాళ్ళిద్దరి మాటలు ఆగిపోయినాయి. చేతిలో గ్లాసు లేకుండా ఆ మెట్టు మీద కూచుని ఏం మాట్లాడాలో వాళ్ళకు తెలియలేదు. మామ లేచి ముఖం కడుక్కుని చేనికి పోయేవాడు. అత్త గోడకానుకుని పుండుకు కట్టిన గుడ్డను చూస్తా కూచునేది.

మూడు వారాలకు ఒక పొద్దున అత్త తానే చెప్పింది. "డికాషన్ వెయ్యి పాపా. చక్కెర లేకుండానే తాగతా. ఎన్నాళ్ళని ఇట్టా."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇద్దరి గ్లాసులూ ఆమే తీసుకుని వెనక్కి పోయింది. కాసేపటికి మాటలు వినబడినాయి. ఆ పొద్దున సీసాలో తెచ్చింది కాస్తే నీలం! మరుసటి రోజూ నీలం. వారమంతా నీలమే. నేను ఆ కాగితాన్ని తిరువళ్ళూరు పోతా ఉన్న మా ఆయన చేతికిచ్చినాను. అత్త ఆ కాలితో బస్సు ఎక్కలేకపోయింది. డాక్టరు కాగితం చూసి సంతోషపడి, సూదిమందు సగానికి తగ్గించమని రాసి పంపినాడు.

పుండు మాత్రం మానలేదు. రంగు బాగుంది కదా, నిదానంగా అదే మానుతుందిలే అనుకున్నాను.

ఆడి కృత్తిక వచ్చింది, కొండ మీది స్వామికి పెద్ద పండగ. తిరుత్తణిలో ఆ రోజు కాలు పెట్టను చోటుండదు. కావళ్ళు మోసుకుని ఊర్లకు ఊర్లే వస్తాయి. మా ఇంటికీ చుట్టాలు దిగినారు. పొద్దున్నే వంటలో పడి పరీక్ష మరిచిపోయినాను. పాయసంతో భోజనాలు అయినాక, చుట్టాలు కొండకు పోయినాక గుర్తొచ్చింది. "అత్తా, సీసా పెట్టలేదే ఈ రోజు" అని అడిగితే, "పెడతాలే" అనింది. కాసేపటికి సీసా రాయి మీద ఉంది.

దీపం వెలిగించి గొట్టం పట్టుకున్నాను. నీలం కాస్తా పచ్చబడింది. పసుపయింది. చూస్తా ఉండగానే ఇటుక రంగుకు తిరిగింది.

గొట్టం అట్లాగే పట్టుకుని వెనక వాకిట్లోకి పోయినాను. మామ మెట్టు మీద కూచుని ఉన్నాడు. అత్త తమలపాకుకు సున్నం రాస్తా ఉంది.

"అత్తా, పాయసం తాగినావా?"

"లేదు పాపా. నీ ముందరే కదా తిన్నాను. రాగి ముద్దే కదా పెట్టినావు."

"మరి ఇదేంది? ఇంత పుండు పెట్టుకుని, ఇంత మంది నీ కోసరం తిరగతా ఉంటే, నువ్వు దొంగతనంగా..." అత్త మీద గొంతు లేపింది అదే మొదలు.

ఆమె మామ వైపు చూసింది. మామ నేల చూస్తా ఉన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

"ఆమెను తిట్టొద్దు తల్లీ. అది ఆమెది కాదు. నాది."

నాకు అర్థం కాలేదు.

అప్పుడు చెప్పినాడు. ఎవరికో చెప్పినట్టు, గోడ వైపు తిరిగి. మూడు వారాలు ఆమె నోరు మూసుకుని కూచుంటే తాను చూడలేకపోయినాడంట. ఒక్క చెంచా వేసుకో అని తానే చక్కెర తెచ్చి వేసినాడంట. రంగులో తెలిసిపోతుంది, పిల్ల పట్టుకుంటుంది అని ఆమె భయపడితే, "ఆ సంగతి నేను చూసుకుంటాలే" అని, ఆ రోజు నుంచి సీసా తానే నింపి రాయి మీద పెట్టినాడంట.

నా చేతిలో గొట్టం ఇంకా వెచ్చగా ఉంది. అయితే నేను రాసిన నీలాలన్నీ మామవి. వాటిని చూసే కదా అత్తకు మందు తగ్గించింది! నా మనసంతా అటే పోయింది. ఇంకో సంగతి నాకు తట్టనే లేదు.

అత్తకు తట్టింది. ఆమె చేతిలో తమలపాకు కింద పడింది.

"ఏమయ్యా, అయితే నీకూ ఉండాదా?"

మామ బిత్తరపోయి చూసినాడు. ఆయనకు ఆ ఆలోచనే రాలేదు. తన సీసాలో చక్కెర ఉంటే అది తన జబ్బని కాకుండా, ఆమె పట్టుబడిపోయిందనే ఆయన బెంగ.

తనకు జబ్బని తెలిసిన రోజు అత్త ఏడవలేదు. ఇన్ని సూదులకు ఏడవలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆయన మోకాలు పట్టుకుని చిన్నపిల్ల మాదిరి ఏడ్చింది. "రెండు చెంచాలు రెండు చెంచాలని ముప్పయ్యేళ్ళు నేనే కలిపి పోసినాను కదయ్యా" అని. ఆయన ఆమె వీపు నిమరతా, "ఊరుకో, పిల్ల చూస్తా ఉంది" అంటా ఉన్నాడు. నేను లోపలికి వచ్చేసినాను.

ఆ సాయంత్రం అత్త చక్కెర డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఇది నీ దగ్గర దాచిపెట్టు. మేమిద్దరం అడిగినా ఇయ్యద్దు."

రెండు రోజులకు ముగ్గురం తిరువళ్ళూరు పోయినాము. డాక్టరుకు మామే అంతా చెప్పినాడు. ఆయన కోప్పడలేదు. కట్టు విప్పి పుండును చూసినాడు. మామది మొదటి దశలోనే ఉందని, పొద్దున పరగడుపున తెలియకపోయినా కడుపునిండా తిన్నాక బయటపడుతుందని, తిండి కట్టుదిట్టంగా ఉంటే చాలునని అన్నాడు. అత్త వేలు మాత్రం నల్లబడింది. మద్రాసులో ఆస్పత్రికి రాసిచ్చినాడు. అక్కడ ఆ వేలు తీసేసినారు.

పదిహేను రోజులు ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన మామ నేల మీద పడుకున్నాడు. ఒకనాడు నేను అన్నం తీసుకుపోయినప్పుడు ఆయన అంటా ఉన్నాడు: "నీ వేలు నేనే తీసినట్టయింది."

"నువ్వు కాదు, నా నోరు," అనింది అత్త. "మెట్టె పక్క వేలుకు మార్చింది మంచిదయింది. లేకుంటే అదీ వాళ్ళే తీసుకునుంటారు."

ఆయనకు నవ్వు రాలేదు. ఆమే నవ్వింది.

ఇంటికొచ్చినాక కాఫీ కథ మళ్ళీ మొదటికొచ్చింది. అత్త మానేద్దామనింది. మామ వినలేదు. ఆయనకు ఒక అనుమానం. ఇన్నేళ్ళూ గింజలను తాను మరీ నల్లగా వేయిస్తా ఉన్నాడని, ఆ మాడు చేదును చక్కెర కప్పిపెడతా ఉండిందని. ఆ ఆదివారం పొయ్యి మంట తగ్గించి, గింజలు దాల్చినచెక్క రంగు రాగానే దించేసినాడు. ఆ కాఫీ పులిసినట్టుంది. మరుసటి వారం ఇంకొంచెం ముదర వేయించినాడు. చిక్కదనానికని పొడిలో కలిపే చికోరీ వేరు పొడిని తీసేసినాడు. అత్త పాల పని చూసుకుంది. నీళ్ళు కలపని పాలు సన్న మంట మీద మీగడ కట్టేదాకా కాచితే దాంట్లోనే ఒక తియ్యదనం వస్తుందని కనిపెట్టింది. పెద్ద గ్లాసులు అటక మీదికి పోయినాయి. అరగ్లాసు, రోజుకు రెండుసార్లు. ఇప్పుడు నిజంగా రెండే.

మొదటి వారం అత్త తాగి, "మందు" అనింది. నాలుగో వారం, "తాగొచ్చు" అనింది. ఎన్నో వారమో గుర్తులేదు, ఒక పొద్దున ఏమీ అనలేదు. పెరట్లో గోరింటాకు కొమ్మ ఎండిపోతా ఉందని మామతో చెప్తా, మాటల్లో పడి గ్లాసు ఖాళీ చేసేసింది.

నేను కూడా చక్కెర మానేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. అప్పటికి నాకు అయిదో నెల. "నీకేమొచ్చింది? నువ్వు తాగు," అని దాచిన డబ్బా నా చేతనే తీయించి, నా గ్లాసులో తానే చెంచా వేసి తిప్పి ఇచ్చేది. తిప్పినాక ఆ చెంచాను నాకకుండా తొట్లో వేసేది. నేను చూడనట్టు ఉండేదాన్ని.

పాప పుట్టినాక మా ఆయన తిరువళ్ళూరులోనే ఇల్లు బాడుగకు తీసుకున్నాడు. తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయిన సంవత్సరం అది. మామ ప్రతి వారం కాఫీపొడి డబ్బా తెలిసిన కండక్టరు చేతికిచ్చి పంపేవాడు. అప్పటికి అత్తకు సూదులు పోయి మాత్రలు వచ్చినాయి. నెలకొకసారి ఇద్దరూ డాక్టరు దగ్గర చూపించుకోవడానికి వచ్చేవాళ్ళు. ముందు పరీక్ష, తర్వాత మా ఇల్లు. అత్త కొంచెం ఎడమపక్కకు ఒరిగి నడిచేది. మామ ఆ పక్కనే నడిచేవాడు.

మొదటిసారి వచ్చిన రోజు నేను హడావిడిగా పాలు పొయ్యి మీద పెట్టి, పొంగు రాగానే దించబోయినాను. అత్త పాపను చంకనేసుకుని వంటింట్లోకి వచ్చింది.

"డాక్టరు ఏమన్నాడత్తా?"

"ఇద్దరివీ బాగుండాయంట." గిన్నెలోకి తొంగి చూసింది. "దించొద్దు. ఇంకా కాగాల."

మామ నడవలో చెప్పులు విప్పతా, ఈ ఊర్లో నీళ్ళు ఉప్పగా ఉండాయి, కాపీ రుచి మారుతుందేమో అంటా ఉన్నాడు. అత్త ఆయనకు జవాబు చెప్తా మంట తగ్గించింది. మామా లోపలికి వచ్చినాక ముగ్గురం పొయ్యి ముందర నిలబడి, పాల మీద మీగడ కట్టేది చూస్తా ఉన్నాము.